ఆదివారం నాటి ఉపన్యాసం

ఆమె బట్టలు ఇస్త్రీ చేస్తూ చెబుతుంటే అతను గడ్డం గీసుకుంటూ వింటాడు. వాళ్ళింట్లో శనివారం పొద్దుటి పద్ధతి అది. వారమంతా బస్సులోనో, కూర ఉడికేలోగానో ఆమె చదివినదాన్ని అతనికి నమిలి నోట్లో పెట్టాలి. మర్నాడు స్నేహితులొస్తారు. మతాల పుట్టుక నుంచి ఎన్నికల గారడీ దాకా అతను గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. "ఉద్యోగం చేసుకుంటూ ఇంత ఎప్పుడు చదువుతారండీ" అని వాళ్ళు నోరెళ్ళబెడతారు. ఆమె ఖాళీ కప్పులు తీస్తుంది.

ఈసారి చీమలు దారెలా గుర్తుపెట్టుకుంటాయో చెప్పింది. కరువులో ఒక పాత రాజ్యం ఎలా కూలిందో చెప్పింది. ఆఖరిది గుండెజబ్బు. ఆడవాళ్ళకు ఛాతీ నొప్పి లేకుండా కూడా రావచ్చట, దవడ లాగుతుందట, వీపు బరువెక్కుతుందట, ఆయాసమట. చెబుతూ చెబుతూ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది.

"నాకూ అలాగే ఉంటోందండీ. మొన్నట్నుంచీ దవడ..."

"నువ్వేది చదివితే అది నీకుంటుంది." అద్దంలోంచే నవ్వాడు. "కిందటి నెల కిడ్నీలన్నావు. ఆ కాలరు సరిగ్గా రుద్దు."

"ఆ చదువులు మానెయ్యమ్మా, ఒంట్లో అదే బాగుంటుంది," పక్కగదిలోంచి అత్తగారు.

నిజమేనేమో అనుకుంది. జబ్బు ఉంటే భయం, లేకపోతే అంతకన్నా భయం. డాక్టరు ఏమీ లేదని పంపేస్తే ఆ ముచ్చట ఏడాది పొడుగునా అన్నంతోపాటు వడ్డిస్తారు. పన్ను నొప్పేమోలే అని ఉప్పునీళ్ళు పుక్కిలించింది. మెట్ల దగ్గర ఆగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు నటిస్తూ ఊపిరి పీల్చుకుంది.

ఆదివారం టీ పట్టుకొచ్చేసరికి ముందుగదిలో అతని గొంతు ఖంగుమంటోంది.

"ఆడవాళ్ళు దవడ లాగుతోందంటే పన్ను అంటాం. ఆయాసమంటే ఒళ్ళొచ్చిందంటాం. అక్కడే చేటు. ఆ మాట చెవిన పడితే ఆలస్యం చేయకూడదు."

"మీ ఆవిడ అదృష్టవంతురాలండీ," అన్నాడు బ్యాంకు మేనేజరు.

ఆమె వీపు బిగుసుకుపోయింది. తను చెప్పినప్పుడు తనకే అనుమానంగా తోచిన మాట, అతని నోట వింటుంటే నిజమనిపించింది. అందుకు నొప్పికన్నా ఎక్కువగా సిగ్గేసింది.

ట్రే బల్లమీద పెట్టి, చేతులు తుడుచుకుని, మేనేజరు వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, మీ కారులో నన్ను ఆస్పత్రి దాకా దింపుతారా? ఆయన ఇప్పుడు చెప్పింది నా సంగతే."