చివరి మాటకు ముందే సూది ఎత్తేసేవారు

నన్ను మోగించే సూదుల డబ్బీలో కోడలు భ్రమరాంబ ఇంగువ పోసింది. ఆ ఆదివారం ఇంట్లో గొడవ దానికే.

"సూదులెక్కడ పారేశావే?" అని ఆమె భర్త, హెడ్‌మాస్టరు వీరభద్రం గారి కేక.

"చిల్లు లేని డబ్బా ఇంట్లో అదొక్కటేనండీ," అని ఆవిడ జవాబు.

నేను ఒక గ్రామఫోను ప్లేటును. నాలో ఉన్నది ఒక జావళి. రాని ప్రియుడి మీద నాయిక చెలికత్తెతో చెప్పుకునే నిష్ఠూరం. మద్రాసులో ఒక హోటలు గదిలో, ఇరవయ్యేళ్ళ రాజరత్నం పాట పట్టే గొట్టంలోకి తల వంచి పాడింది. ప్లేట్లు అచ్చువేసే పరాయి దేశంవాళ్ళు ఆనవాలు పట్టడానికి, పాట అయ్యాక పేరు చెప్పడం అప్పటి ఆచారం. "మై నేమ్ ఈజ్ రాజరత్నం, పెద్దాపురం" అని, నేర్పినట్టే చెప్పింది.

భోగం మనిషని ఆమెను గడప తొక్కనివ్వని ఇళ్ళలోకి నేను దర్జాగా వెళ్ళాను. ఒక వకీలు గారి భార్య ఆ పాటతోనే బిడ్డను నిద్రపుచ్చేది. ఆ ఇంటి సామాను వేలం వేసినప్పుడు నన్ను కొన్నది వీరభద్రం గారు.

ఆయన రాజరత్నం కొడుకు. తలుపులు మూసి ఉంటే ఆమెను అమ్మా అంటాడు. ఎవరైనా వస్తే పిన్నీ అంటాడు. తల్లి పాటంటే ప్రాణం. కానీ పేరు రాకముందే సూది ఎత్తేస్తాడు. ఆమె వంటింటి గుమ్మంలో కూర్చుని అంతవరకే వింటుంది.

ఆ రోజు బడి ఉపాధ్యాయులు వచ్చారు. సూదులు దొరికాయి, పాట మొదలైంది. ఆయన తాంబూలం తేవడానికి లోపలికి వెళ్ళాడు. వచ్చేసరికి పేరు పలికేశాను.

"ఎవరండీ ఈ రాజరత్నం? ఇంకా ఉందా?" అన్నాడు తెలుగు పంతులు.

"ఎప్పుడో పోయిందటండీ," అన్నాడు కొడుకు.

వంటింటి గుమ్మంలో కూర్చున్న ఆమె చెవిన ఆ మాట పడింది.

అతిథులు వెళ్ళాక అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. రాజరత్నం పప్పు కలుపుకుంటూ, "రేపు పొద్దుటి బస్సుకి పెద్దాపురం వెళ్ళిపోతున్నానురా, మా చెల్లి దగ్గరికి," అంది.

"ఎన్నాళ్ళకి?"

"పోయినదాన్ని ఎన్నాళ్ళని అడుగుతావేంట్రా!"

ఆయన విస్తట్లో మెతుకులు కెలుకుతూ, తల ఎత్తకుండా అడిగాడు: "ప్లేటు పట్టుకెళ్తావా అమ్మా?"

"వద్దు. నా పేరు చెప్పుకోడానికి నాకింకా నోరుంది," అని ఆమె కోడల్ని మజ్జిగ అడిగింది.