నీలి గోళ్ళు

ఈ పొద్దున ఆకాశం ఉతికి పిండని గుడ్డలా యోషినో ఏటి మీదికి వేలాడుతోంది. 1918 నవంబరు. ఊళ్ళో సగం ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. అందరికీ ఒకటే అంటుజ్వరం.

మా అన్నయ్య యసుకిచి పడుకుని నాలుగో రోజు. మేం నీలిమందు తొట్లలో నూలు అద్దేవాళ్ళం. తొట్టి సరిగా పులిసిందో లేదో అన్నయ్య రోజూ నాలిక మీద చుక్క వేసుకుని చెప్పేవాడు.

డాక్టరు ఓనిషిగారు మొన్న ఇంటింటికీ తిరిగి ఒకే మాట చెప్పి వెళ్ళారు.

"గోళ్ళూ పెదవులూ నీలం తిరిగితే నాకు కబురు పెట్టండి. ఊరికే పిలవకండి. పది ఊళ్ళకి నేనొక్కణ్ణే."

ఆయన గడప దాటగానే అన్నయ్య దగ్గుతూనే నవ్వాడు. "అయితే నేను పన్నెండో ఏటినుంచీ చస్తూనే ఉన్నాన్రా, కుమాజీ."

"మాటలకేం తక్కువ లేదు," అంది ఇసోనో వదిన. "నీళ్ళు తాగమంటే మాత్రం నోరు తెరవడు."

నేనూ నవ్వాను. అన్నయ్య గోళ్ళు నా గోళ్ళలాగే అద్దకంతో నీలంగా ఉన్నాయి, రుచి చూసీ చూసీ పెదవులూ అంతే. నిన్న సాయంత్రం ఆ గోళ్ళు కాస్త ముదురుగా కనిపించాయి. తొట్టిలో చెయ్యి పెట్టి మూడు రోజులైన మనిషికి రంగు ముదరడమేమిటని నాకు తట్టలేదు. తట్టిందేమో, పక్కకి నెట్టేశాను.

ఈ పొద్దున వదిన ఆయన ముక్కులోంచి కారిన నెత్తురు తడిగుడ్డతో తుడిచింది. తర్వాత చెవి తమ్మె పట్టుకుని రుద్దింది. మళ్ళీ రుద్దింది.

"కుమాజీ, మీ అన్న చెవులతో కూడా రుచి చూస్తాడా?"

గొంతులో వేళాకోళం లేదు. తమ్మె ఊదారంగు తిరిగి ఉంది. ఊపిరి తీస్తుంటే రొమ్ములో నీళ్ళు కదిలినట్టు చప్పుడు.

పరుగెత్తాను. డాక్టరుగారు వెంటనే వచ్చారు. గుండెకి బలమని కర్పూరం సూది వేశారు. వీపుకి చెవి ఆనించి చాలాసేపు విన్నారు. మధ్యాహ్నానికి అన్నయ్య పోయాడు.

"నిన్ననే చూశానండీ," అన్నాను. "రంగే అనుకున్నాను. నిన్న పిలిచుంటే?"

ఆయన సూదిని గుడ్డలో చుడుతూ అన్నారు. "ఏటి అవతల ఒక పిల్లకి గోళ్ళు మారిన గంటలో వెళ్ళాను. అద్దకం ఎరగని చేతులు. ఇదే సూది వేశాను. నిలవలేదు. నాకు గుర్తులు తెలుసుగానీ మందు తెలీదయ్యా."

వదిన కళ్ళు తుడుచుకుంది. "మీరెప్పుడు తిన్నారు, డాక్టరుగారూ?"

గుర్తులేదన్నారు.

వదిన లేచి చిలగడదుంపలు వేసిన బార్లీ అన్నం మూడు గిన్నెల్లో పెట్టుకొచ్చింది. అన్నయ్య పక్కనే కూర్చుని తిన్నాం.