కాకి వాలని చోటు

కాకి దిగలేదు.

పీణ్య ఫ్యాక్టరీల పేటలో, మూడంతస్తుల మిద్దె మీద, పిట్టగోడ అంచున విస్తరాకు. ఆకులో వేడన్నం. వంకాయ కూర. అక్కయమ్మకు ఇష్టమైన అలసంద వడలు. అన్నం మీంచి ఆవిరి లేస్తోంది. ఎదురుగా ఫ్యాక్టరీ రేకుల మీద కాకి కూర్చుని ఉంది.

చూస్తోంది.

దిగదు.

కదిరప్ప కూడా చూస్తున్నాడు. భార్య అక్కయమ్మ పెద్దదినం కర్మ ఆ రోజు. గాలిలో మాడిన నూనె వాసన, ఇనుము వాసన. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమె ఆ వాసనలోనే వండింది. వాసన పోలేదు. ఆమె పోయింది.

కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని అర్థం. అదేమిటో కనిపెట్టి, తీరుస్తామని మాట ఇవ్వాలి. సరైన మాట పడితే కాకి దిగుతుంది.

"సహనను మేం చూసుకుంటాం లేక్కా," అన్నాడు ఆమె తమ్ముడు వెంకటరాయప్ప, చేతులు జోడించి.

కాకి కదల్లేదు.

"నీ మొగుని నోటికి బీగం వేస్తాం లేక్కా. ఇంక ఎవురి మీదా అరవడు."

వెనక ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కదిరప్ప నవ్వలేదు. నవ్వినవాళ్ళను గుర్తు పెట్టుకున్నాడు.

"వడల్లో ఉప్పు తక్కువైందేమో," అన్నదొకామె.

"నీ మాటల్లో ఎక్కువైందిలే. ఊరుకో," అన్నది ఇంకొకామె.

ఆవిరి తగ్గింది. అన్నం చల్లబడుతోంది. సహన — ఒక్కతే కూతురు — పిట్టగోడకు ఆనుకుని నిలబడింది. తల్లి నుదురు. తల్లి చేతులు.

అప్పుడు తెలిసింది కదిరప్పకు.

అక్కయమ్మను పూర్తిగా పూడ్చలేదు.

ఒక ముక్క మిగిలిపోయింది.

*

పెద్దపేగులో గడ్డ. ఆపరేషన్ చేసి తీశారు. తీసినదాంట్లోంచి చిన్న ముక్క కోసి మైనంలో పెట్టారు. గడ్డ మళ్ళీ మొలిచింది — కాలేయంలో.

అప్పుడు డాక్టరు ఇమ్యునోథెరపీ అన్నాడు. తెలుగులోనే వివరించాడు. ఒంట్లో కావలి కణాలు ఉంటాయి. గడ్డ వాటి కళ్ళకు గంతలు కడుతుంది. ఈ మందు ఆ గంతలు విప్పుతుంది. అయితే అందరి గడ్డ మీదా పని చేయదు. ఎవరి మీద చేస్తుందో ఆ ముక్కను పరీక్షిస్తే తెలుస్తుంది.

ముక్క తీసిన ఆసుపత్రి ఒకటి. మందు ఇచ్చే ఆసుపత్రి ఒకటి. పరీక్షించే ల్యాబు హూడి అవతల.

పంపించాం, అన్నారు ఇక్కడ.

రాలేదు, అన్నారు అక్కడ.

చివరికి ముక్క ల్యాబుకు చేరింది. అక్కయమ్మ అంతవరకు ఆగలేదు. మందు తీసుకునే మనిషే లేదు కనుక పరీక్ష ఆపేశారు.

కదిరప్ప ఎవరినీ క్షమించలేదు. పంపించామన్నవాణ్ణి. రాలేదన్నవాణ్ణి. ఓదార్చడానికి వచ్చి టీ అడిగినవాళ్ళను. ట్రాఫిక్‌ను. దేవుణ్ణి సరే సరి.

ఆమెను ఉప్పు పోసి పూడ్చారు. మట్టి తన పని తాను చేస్తుంది. కానీ ఊరికి ఆ చివర, చల్లటి గదిలో, ఒక నంబరు కింద, కందిబద్దంత అక్కయమ్మ ఉంది. కుళ్ళకుండా... మాసిపోకుండా... ఎదురు చూస్తూ.

నీ ముక్క తెచ్చి నీ పక్కన పెడతాను — అన్నాడు కదిరప్ప. పైకి కాదు. లోపల.

కాకి రెక్క విప్పింది.

దిగింది. వడ కరుచుకుంది. అతని వైపు ఒకసారి చూసి ఎగిరిపోయింది.

"చూసినారా, నేను చెప్పినదానికే దిగింది," అన్నాడు వెంకటరాయప్ప.

*

ల్యాబులో సమీనా అనే అమ్మాయి ఉంది. కడప వైపు మనిషి. ముక్కలను మైనంలో నిలపడం, వెంట్రుక కన్నా సన్నగా కోయడం, గాజు పలక మీద పరవడం ఆమె పని.

"ఇప్పుడు దాంతో ఏం పని అంకుల్?" అంది.

"మాది. మాకిచ్చేయండి."

సంతకం పెట్టించుకుని ఇచ్చింది. ఇంటివాళ్ళు అడిగితే ఇవ్వడం అక్కడి పద్ధతి.

"ఎండలో పెట్టొద్దు అంకుల్, కరుగుతాది. కరగకపోతే ఎన్నేళ్ళైనా అట్లే ఉంటాది."

అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ చట్రం. దాని మీద తెల్లటి మైనం. మైనం నడుమ బూడిద రంగు మచ్చ.

ఆమెను తిన్నది అదే.

ఆమెలో మిగిలింది అదే.

కదిరప్పకు మైనం కొత్త కాదు. పీణ్యలో అతను పని చేసేది పోత ఫ్యాక్టరీలో. ముందు మైనంతో అచ్చు చేస్తారు. చుట్టూ గట్టి పూత పూస్తారు. కొలిమిలో పెడితే మైనం కరిగి వెళ్ళిపోతుంది. లోపల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. మైనం ఉండేది పోవడానికే. అతని చేతులు ఎరిగిన మైనం అది.

ఈ మైనం పోలేదు.

మనిషి పోయింది.

శ్మశానానికి నడిచాడు. ఫ్యాక్టరీల వెనక, గోడకు ఆవల. ఆమె తల వైపు మూరెడు గుంట తీశాడు. ముక్కను ల్యాబువాళ్ళిచ్చిన ప్లాస్టిక్ కవరుతో సహా పెట్టాడు. మట్టి కప్పాడు. అరచేత్తో అదిమాడు.

మాట తీరింది.

గోడ మీద కాకి. చూస్తోంది.

*

వానలు వచ్చాయి. వెళ్ళాయి. మళ్ళీ వచ్చాయి.

సహన బెళ్ళందూరులో ఉద్యోగం చేస్తుంది. అక్కడే ఉంటుంది. ఆదివారాలు వచ్చి తండ్రికి వండి పెట్టేది. కొన్నాళ్ళుగా తనే సరిగా తినడం లేదు. అడిగితే పని ఎక్కువంది. అక్కయమ్మ కూడా అలాగే చెప్పేది. పని ఎక్కువ. ఎండ ఎక్కువ. కారం ఎక్కువ. రక్తం పడుతోందని మాత్రం చెప్పలేదు, చాలాకాలం.

సహన తండ్రికి చెప్పలేదు. డాక్టరుకు చెప్పింది. లోపలికి కెమెరా వేసి చూద్దామన్నాడు డాక్టరు. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగాడు. అమ్మకు, అంది. అమ్మమ్మ కూడా కడుపునొప్పితోనే పోయింది. అయితే అమ్మమ్మ కడుపులో ఏముందో చూసినవాళ్ళు లేరు.

ఇంటి రక్తంలో దిగే రకం కావచ్చన్నాడు. అమ్మ గడ్డ ముక్క ఉంటే అదే చెబుతుందన్నాడు.

సహన ల్యాబుకు వెళ్ళింది. అక్కడి నుంచి నేరుగా పీణ్యకు వచ్చింది. చెప్పులు విప్పలేదు. గడపలోనే నిలబడింది.

"అప్పా, అమ్మను యాడ పెట్టినావు?"

అలాగే అడిగింది. ముక్క అనలేదు.

"ఎందుకు?"

"నాకూ పడతా ఉండాది అప్పా. రక్తం."

కదిరప్ప మూలనున్న పార తీసుకున్నాడు.

*

మిట్టమధ్యాహ్నం. శ్మశానంలో నీడ లేదు. కాపరి ఆవులప్ప బీడీ ఆర్పి లేచాడు.

"ఏమప్పా. పూడ్చేదానికి వస్తారు, ఏడ్చేదానికి వస్తారు. తవ్వేదానికి వచ్చినోడివి నువ్వే."

"నీ పని చూసుకో."

"నా పని ఇదే కదప్పా."

మూరెడు తవ్వాడు. లేదు.

పక్కన తవ్వాడు. లేదు.

ఇక్కడే పెట్టాడు. అరచేత్తో అదిమాడు. చేతికి గుర్తుంది. పార పక్కన పడేసి వేళ్ళతో తోడాడు. తడి మట్టి గోళ్ళలోకి దిగింది. ఇంకా లోతుకు... ఇంకా... భుజం దాకా చెయ్యి పెట్టాక తగిలింది.

అతను పెట్టిన చోట లేదు. కిందికి దిగి ఉంది.

ఆమె వైపు.

వానకు మట్టి కుంగిందిలే, అన్నాడు ఆవులప్ప. గుంటలోకి మాత్రం చూడలేదు.

లాగాడు. వెంటనే రాలేదు. లోపల ఎవరో పట్టుకున్నట్టు ఒక్క క్షణం... ఆ తర్వాత వచ్చింది. కవరంతా బురద. లోపల మైనం తెల్లగా ఉంది. వాసన చూశాడు. ఏ వాసనా లేదు. మట్టి వాసన కూడా.

"సహన కోసం," అన్నాడు గుంటలోకి.

మట్టి తిరిగి కప్పాడు.

*

హూడి వైపు బస్సు. కమ్మీలు పట్టుకుని జనం వేలాడుతున్నారు. ముక్క కదిరప్ప చొక్కా జేబులో ఉంది, గుండెకు ఆనుకుని. అతని పక్క సీటు ఖాళీ. చాలామంది దాని దాకా వచ్చారు. చూశారు. నిలబడ్డారు.

ఎవరూ కూర్చోలేదు.

కండక్టరు వచ్చాడు. కదిరప్పకు టికెట్ కొట్టాడు. తర్వాత ఆడవాళ్ళకు ఇచ్చే ఉచిత టికెట్ ఒకటి చింపి ఖాళీ సీటు వైపు చాపాడు. ఆమె ఎక్కడ దిగుతుందని కన్నడంలో అడిగాడు.

కదిరప్ప ఆ టికెట్ అందుకున్నాడు.

"నాతోపాటే," అన్నాడు.

*

సమీనా ముక్కను వెలుతురుకు పెట్టి చూసింది.

"మట్టిలో ఉండిందా అంకుల్ ఇది?"

"ఉండింది."

పై పొర గీకేస్తే చాలంది. లోపల ఏమీ కాలేదంది.

"ఏం చూస్తారు?"

"రంగు వేస్తాం. బాగుండే కణాలు గోధుమ రంగు పట్టుకుంటాయి. గడ్డ కణాలు కూడా పట్టుకుంటే, ఆ మందు అంతగా పని చేయదు. పట్టుకోకపోతే చేస్తాది."

"పట్టుకోకుంటేనే మంచిదా?"

"మందుకు మంచిది." ముక్కను బల్ల మీద పెట్టింది. "ఇంటికి కాదు అంకుల్. అట్లా ఉంటే ఇంట్లో దిగే రకమేమో అని చూడాల్సి వస్తాది."

బయట మెట్ల మీద కూర్చున్నాడు కదిరప్ప.

ఇన్నాళ్ళూ అతను ఒకటే కోరుకున్నాడు. ఆ మందు పని చేసేదని ఎవరైనా చెప్పాలి. సమయానికి ఇచ్చి ఉంటే ఆమె బతికేదని చెప్పాలి. అప్పుడు పంపించామన్నవాణ్ణి, రాలేదన్నవాణ్ణి బతికినంతకాలం తిట్టుకోవచ్చు. ఆ తిట్లే కూడుగా బతికాడు. పొద్దున లేవగానే అవే. పడుకునేముందు అవే.

ఇప్పుడు ఆ కోరిక తీరితే... సహన.

పట్టుకోవాలి. రంగు పట్టుకోవాలి. ఏ మందుకూ లొంగని గడ్డే కావాలి అది. అక్కయమ్మ ఎట్లాగూ పోయేదే కావాలి. ఎవరి తప్పూ లేకుండానే పోయి ఉండాలి.

జీవితంలో మొదటిసారి అందరినీ క్షమించడానికి సిద్ధపడ్డాడు.

అది కూడా బేరానికే.

*

రంగు వేశాక, అతను అడిగితే, సమీనా సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోబెట్టింది. ఒక కన్ను మూసి చూశాడు.

అంచుల్లో గోధుమ రంగు చుక్కలు. వందలు... వేలు. సాయంత్రం కరెంటు తీగల మీద వాలిన కాకుల్లా గుంపులు గుంపులుగా.

నడుమ లేత నీలం. ఖాళీ మిద్దె లాంటి నీలం.

అక్కడ ఒక్క కాకీ వాలలేదు.

ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా చెప్పింది సమీనా. డాక్టరు కూడా చూశారంది. మందు పని చేసి ఉండేదేమోనంది. సహన అక్కకు రక్తపరీక్ష చేయాలంది. ముందే తెలిస్తే ముందే పట్టుకోవచ్చంది. ఇప్పుడు మందులున్నాయంది.

కదిరప్ప కన్ను తీయలేదు. నడుమ ఉన్న ఆ ఖాళీ — అక్కడేదో కదిలినట్టుంది. తన రెప్పే అయి ఉంటుంది.

"మిగిలిన ముక్క ఇచ్చేయమ్మా."

"ఇక్కడే ఉండనీ అంకుల్. అక్కకు మళ్ళా అవసరం పడతాది."

మాట తప్పాడు. తప్పిన మాట చల్లటి గదిలో, నంబరు కింద ఉండిపోయింది.

*

సంవత్సరికం.

అదే మిద్దె. పిట్టగోడ అంచున విస్తరాకు. వేడన్నం. వంకాయ కూర. అలసంద వడలు — సహన చేసింది. రక్తపరీక్ష ఫలితం రేపో మాపో వస్తుంది. కెమెరా వేసి చూడటం ఆ తర్వాత. ఫోను సహన చేతిలోనే ఉంది.

ఎదురుగా రేకుల మీద కాకి.

"ఏదో ఒక మాట చెప్పు బావా," అన్నాడు వెంకటరాయప్ప, ఈసారి మెల్లగా. "నేనేం చెప్పినా దిగల్యా."

కదిరప్ప నోరు తెరిచాడు. అక్కయమ్మ ఏం అడుగుతోందో అతనికి తెలుసు. ముక్క గురించి కాదు. అది అడిగే రోజులు దాటిపోయాయి. అడుగుతున్నది ఒకటే — సహనకు ఏమీ కాకూడదని.

దానికి మాట ఇవ్వడం అతని చేతిలో లేదు.

ఉత్త మాటకు ఆ కాకి దిగదు. చూశాడు కదా.

నోరు మూసుకున్నాడు.

అన్నం మీంచి ఆవిరి లేస్తోంది. తగ్గుతోంది. సహన ఒక అడుగు ముందుకు వేసి పిట్టగోడ మీద చెయ్యి పెట్టింది. తల్లి చెయ్యి. కాకి మెడ తిప్పింది. అది ఆకును చూడటం లేదు. కదిరప్పనూ చూడటం లేదు.

సహనను చూస్తోంది.

చేతిలో ఫోను మోగింది.

ఆవిరి ఆగిపోయింది.

కాకి దిగలేదు.