మూడు చేతుల మీదుగా

"ఆ మాత్రలు వాడితే ఒళ్ళు ఊరిపోతుందటగా, అమ్మాయ్?" అంది అత్తగారు, ఆరిన దుప్పటి రెండు కొసలు పట్టుకుని.

మిగతా రెండు కొసలు కోడలి చేతుల్లో ఉన్నాయి. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి మడత కలపాలి. కోడలి కాళ్ళు కదల్లేదు. గర్భం రాకుండా వేసుకునే మాత్రల సంగతి ఆమె ఒక్క ప్రాణికి చెప్పలేదు. కన్నతల్లికి చెప్పలేదు, డాక్టరు దగ్గరికి ఇంకా వెళ్ళనేలేదు. మొన్న మధ్యాహ్నం కూతురు పడుకున్నాక, వంటింటి గట్టుకు ఆనుకుని తన ఫోనులో చదివింది. అంతే.

"ఎవరన్నారు అత్తయ్యా?"

"ఎవరైతే ఏంలే. పాపకు ఆరేళ్ళు నిండాయి. దానికో తోడు వద్దూ?"

చెప్పింది ఎవరో వేరే అడగనక్కర్లేదు. ఆమె భర్త ఒక పెద్ద ఆఫీసులో నెట్‌వర్క్ పనులు చూస్తాడు. రెండేళ్ళ కిందట హాల్లో కొత్త వైఫై పెట్టె బిగించాడు. ఇంట్లో ఏ ఫోను ఏ సైటు గుమ్మం తొక్కిందో, ఎన్ని గంటలకు తొక్కిందో, ఆ జాబితా సాయంత్రానికల్లా అతని ఫోనుకు చేరుతుంది. "పాప ఏం చూస్తోందో మనకు తెలియాలి కదా" అన్నాడు అప్పట్లో. అప్పటికి పాపకు అక్షరాలు కూడా రావు. గోడ మీద బల్లి ఉందని తెలిసినట్టే ఆమెకూ ఆ పెట్టె సంగతి తెలుసు. దాని మానాన అది ఉందిలే అనుకుంది.

ఆ రోజు బట్టలు మడతపెడుతూ ఉంటే పాత మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి. "నడుం నొప్పా? రోజంతా షాపులో వంగి కళ్ళద్దాలు అరగదీస్తే రాదూ మరి!" అని అతను నవ్విన రోజు, నొప్పి ఉందని ఆమె అతనికి చెప్పలేదు. "వేరే ఇల్లు చూస్తున్నావా ఏమిటి, మహారాణీ?" అన్న రోజు, ఊరికే, పనిలేక, కిటికీలు ఎక్కువున్న ఇళ్ళ బొమ్మలు చూసింది. చెప్పకుండానే తన మనసు తెలుసుకునే మొగుడు దొరికాడని అప్పట్లో ఎంత మురిసిపోయింది! అక్కచెల్లెళ్ళకు ఫోన్ చేసి మరీ చెప్పుకుంది. అతను చదివింది తన మనసును కాదు, జాబితాను. ఈ సంగతి అర్థమయ్యేసరికి చేతిలో ఉన్న పాప గౌను మూడోసారి మడతపెడుతోంది. కోపం కంటే ముందు సిగ్గు వచ్చింది. ఆ సిగ్గు తనకెందుకు రావాలన్న ఆలోచన ఆ తరువాత వచ్చింది. కోపం అక్కడ మొదలైంది.

ఆమె కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. అద్దాన్ని అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టే పని. పక్క కొట్టులో ఫోన్లు బాగుచేసే ఆవిడ ఉంది. యాభై దాటినావిడ. కంటికి భూతద్దం, నోటికి అడ్డూ ఆపూ లేకపోవడం ఆవిడ గుర్తులు. వీధి వీధంతా ఆవిడను ఫోన్లక్క అంటారు. టీ వేళ ఆమె సంగతంతా చెబితే ఫోన్లక్క భూతద్దం తీసి పక్కన పెట్టింది.

"సరే అద్దాలమ్మా, జవాబు వద్దులే గాని నన్నడగనీ. రెండో బిడ్డ నీకు అసలే వద్దా, ఇప్పట్లో వద్దా?"

"వద్దక్కా. మొదటి కాన్పులో రెండు రోజులు నెత్తురు ఆగలేదు. ఆయనేమో చుట్టాలకు 'మా ఆవిడ కాస్త సుకుమారం' అని చెప్పాడు. పైగా వచ్చే నెల నుంచి మా యజమాని నన్ను కళ్ళ పరీక్ష నేర్చుకోవడానికి పంపుతానంటున్నాడు. ఎనిమిది నెలలు. ఆ కుర్చీలో కూర్చోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది."

ఫోన్లక్క ఆమె ఫోనులో ఒక కొత్త బ్రౌజరు పెట్టింది. "ఇది అజ్ఞాతంగా తిరుగుతుంది. ఎలాగంటే, నువ్వొక మాట అడిగి రమ్మని నన్ను పంపావనుకో. నేను వెళ్ళకుండా ఇంకొకర్ని పంపుతా. వాళ్ళు మరొకర్ని. మొదటి చేతికి నువ్వెవరో తెలుసు, అడిగిందేమిటో తెలియదు. చివరి చేతికి ఎక్కడికి వెళ్ళాలో తెలుసు, పంపిందెవరో తెలియదు. మధ్యదానికి రెండూ తెలియవు. మీ హాల్లో పెట్టెకు కనపడేది ఆ మొదటి చెయ్యి ఒక్కటే."

తొమ్మిది రోజులు ఆమె కరువు తీరా చదివింది. ఆ మాత్రలు ఎవరికి పడతాయో, ఎవరికి పడవో చదివింది. రెండో బిడ్డ వద్దనుకున్న ఆడవాళ్ళు తమ పేర్లు దాచుకుని రాసుకున్నవి చదివింది. ఆరో రోజున షాపు నుంచి అటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, రక్తపోటు చూపించుకుని, చీటీ రాయించుకుని మాత్రలు మొదలుపెట్టింది.

పదో రోజు అతను భోజనాల బల్ల మీద, కంచం పక్కన ఫోను పెట్టాడు.

"ఇదేమిటి?"

"ఏది?"

"తొమ్మిది రోజులుగా నీ ఫోను ఎక్కడికి పోతోందో తెలియడం లేదు." పెళ్ళీడు పిల్ల ఇంటికి రాలేదన్నంత గాభరా ఉంది ఆ గొంతులో. "నేను చేసే పనే ఇది, నాకు తెలియదనుకున్నావా? దొంగసరుకు అమ్ముకునేవాళ్ళు వాడే బ్రౌజరది. సంసారులు వాడేది కాదు."

"దాచేదేమీ లేకపోతే దాగుడుమూతలెందుకే అమ్మాయ్?" అంది అత్తగారు.

ఆమె కూర గిన్నె అటు జరిపింది. అతను ఇంకో చెంచా వేయించుకున్నాడు. విచారణ జరుగుతున్నా వడ్డన ఆగకూడదు ఆ ఇంట్లో. తనేం చదివిందో అతనికి తెలియలేదు, దాచిందని మాత్రం తెలిసింది. నేరం రుజువు కావడానికి అంతకంటే ఏం కావాలి?

మర్నాడు ఫోన్లక్కను పట్టుకుంది. "దీని ముందు వీపీఎన్ కూడా పెడితే సరిపోతుందట కదక్కా?"

"పెట్టొచ్చు. నీ రాకపోకలన్నిటినీ ఒక మూసిన గొట్టంలోంచి పంపే సేవ అది. అప్పుడు మీ పెట్టెకు ఆ మొదటి చెయ్యి కూడా కనపడదు. వీపీఎన్ వాడి గొట్టం ఒక్కటే కనపడుతుంది. కానీ ఆ గొట్టం అవతలి కొసన కూర్చున్నవాడికి నువ్వెవరో తెలుస్తుంది, నువ్వు అజ్ఞాతంలోకి పోతున్నావనీ తెలుస్తుంది. వాణ్ణి నమ్మాలి మరి. ఊరికే ఇస్తామన్నవాణ్ణయితే అసలు నమ్మకు, నీ రాకపోకలమ్మే బతుకుతాడు వాడు. రెండు దుప్పట్లు కప్పుకుంటే రెట్టింపు వెచ్చన అనుకుంటారు జనం. రెండోది ఎవరి దుప్పటో చూసుకోరు." ఫోన్లక్క భూతద్దం నుదుటి మీదికి తోసింది. "అసలు నువ్వు ఎవర్నుంచి దాచుకోవాలో చెప్పు. సర్కారు నుంచా, కంపెనీల నుంచా, ఒకే మంచం మీద పడుకునేవాడి నుంచా? మంచం మీదివాడైతే ఆ గొట్టాన్ని చూసి కూడా అడుగుతాడు, ఇదేమిటని. అప్పుడేం చెబుతావ్?"

ఆమె తన షాపుకు తిరిగి వచ్చింది. అద్దాలు అరగదీస్తూ సాయంత్రం దాకా అదే ఆలోచించింది. దాచుకోవడం, దాచుకున్నానన్న సంగతిని దాచుకోవడం, మళ్ళీ దాని మీద మరొకటి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఎన్నాళ్ళు? అయినా తాను తాగుతున్నది ఎవరింటి పాలో కావు గదా. ఒంటి మీద బట్ట కట్టుకుంటాం, కట్టుకున్నామని ఎవరికీ సంజాయిషీ ఇవ్వం. ఇంటికి వెళ్ళే దారిలో తన పేరు మీద, తన జీతంతో, ఒక కొత్త సిమ్ తీసుకుంది.

ఆ ఆదివారం పొద్దున అతను ఉత్సాహంగా హాల్లోకి వచ్చాడు. "అందరి ఫోన్లూ ఇలా తీసుకురండి. మంచి వీపీఎన్ కొన్నాను. ఇంటిల్లిపాదికీ ఒకటే, నా అకౌంటు మీదే. ఇక బయటివాడెవడూ మన వైపు తొంగి చూడలేడు."

"మరి మీరు?" అంది ఆమె.

"నేను బయటివాణ్ణా?" అతను నవ్వి, ఆమె ఫోను అందుకుని, "ఏదీ, వేలు పెట్టు" అన్నాడు.

ఎన్నిసార్లు పెట్టిందో ఆ వేలు. పెళ్ళైన కొత్తలో బ్యాంకు కాయితాల మీద, ఆ తరువాత అతను పెట్టమన్న ప్రతిచోటా. కంచే చేను మేస్తుంటే చేనుకు ఇంకో కంచె వేస్తానంటున్నాడు, అదీ ఆమె చేత్తోనే. ఆమె వేలు పెట్టలేదు. ఫోను అతని చేతిలోంచి నెమ్మదిగా తీసుకుంది.

"గర్భం రాకుండా మాత్రలు వేసుకుంటున్నాను. డాక్టరమ్మకు చూపించుకునే వేసుకుంటున్నాను. రెండో బిడ్డ నాకు వద్దు. ఇది మీ జాబితాలో వెతుక్కోనక్కర్లేదు, నా నోటితోనే చెబుతున్నాను. నా నోటితో నేను చెప్పనిది మాత్రం ఇక మీకు తెలియదు."

అతని మొహం ఎర్రబడింది. "ఈ ఇంట్లో వైఫై నాది."

"అవును. మీరే వాడుకోండి." ఆమె తన ఫోనులో వైఫై తీసేసింది. "నా ఫోనుకు వేరే సిమ్ వేసుకున్నాను. తాళం కూడా మార్చాను. మీరు దొంగలదన్న బ్రౌజరే వాడతాను. దాని ముందు ఏ ముసుగూ వేయను. వాడుతున్నానని ఎవరికి కనపడినా నాకు బెంగ లేదు."

అత్తగారు కోడలి ఫోను వైపే చూస్తూ నిలబడింది. అతను పన్నెండు రోజులు మాట్లాడలేదు. ఆడపడుచుకు ఫోన్ చేసి, చదువు ఎక్కువైన ఆడదానితో కాపురం చేయడం ఎంత కష్టమో భార్యకు వినపడేలా చెప్పాడు. నెల మారగానే ఆమె కళ్ళ పరీక్ష శిక్షణకు వెళ్ళడం మొదలుపెట్టింది. మొదటి వారమే తెల్లగోడ మీద అక్షరాలు ఒకరి చేత చదివించింది కూడా. ఇంట్లో వంట ఎప్పటిలా తనే చేసింది గాని, కంచం ముందు నిలబడి వడ్డించడం మానేసింది. గిన్నెలు బల్ల మీదే ఉన్నాయి, చేతులు అందరికీ ఉన్నాయి.

మరో ఆదివారం మధ్యాహ్నం, అతను పాపను జుట్టు కత్తిరింపించడానికి తీసుకెళ్ళాడు. ఆమె మంచం మీద కూర్చుని శిక్షణ పుస్తకంలో కంటి నరాల బొమ్మ చూసుకుంటోంది. అత్తగారు వచ్చి మంచం కోడు దగ్గర నిలబడింది. కూర్చోలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

"అమ్మాయ్, నీ ఫోనులో నేనొకటి అడిగితే వాడికి తెలియదు కదా?"

ఆమె పుస్తకం మూసింది. "తెలియదు అత్తయ్యా. ఏమైంది?"

"నెలనెలా వచ్చేది ఎప్పుడో పదేళ్ళ కిందట ఆగిపోయింది నాకు. మూడు నెలలుగా మళ్ళీ ఎర్రగా కనిపిస్తోంది. వాడి ఎదురుగా నోరెలా తెరవను? నా ఫోనులో చూద్దామంటే అదీ వాడి కంట్లోనే పడుతుందాయె."

మూడు నెలలు. దుప్పటి అవతలి కొస పట్టుకున్న ఆ రోజూ, బల్ల దగ్గర దాగుడుమూతలని తనను దెప్పిన రోజూ, ఈవిడ ఒంటరిగా ఈ భయాన్ని మోస్తూనే ఉంది. ఆమె లేచి అత్తగారి చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది.

"ఇది ఫోనును అడిగే సంగతి కాదు. రేపు పొద్దున్నే మా డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. నేను సెలవు పెడతాను."

"వాడికేం చెబుదామే?" అంది అత్తగారు.

"మీ ఒళ్ళు, అత్తయ్యా. మీరు చెప్పాలనుకున్నప్పుడు, మీరు చెప్పాలనుకున్నంత."