రోహిణి కార్తెలో పుట్టినరోజు

పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని మా సమత కింది కనురెప్పను వేలితో కొద్దిగా లాగి చూడడం. లోపల ఎర్రగా ఉంటే పొయ్యి వెలిగిస్తాను. తెల్లబడినట్టు అనిపిస్తే ఆ రోజంతా ఏ పనీ చేతికి అంటదు. దానికి ఐదేళ్లు. తలసీమియా అంటారు, ఒంట్లో రక్తం నిలవని జబ్బు. మూడు వారాలకోసారి పట్నం తీసుకుపోయి, ఎవరో ఇచ్చిన రక్తం ఎక్కించుకుని వస్తేనే నా బిడ్డ మళ్లీ గడపలు దూకుతుంది.

ఆ ఎవరో ఎవరని చాలా రోజులు నేను ఆలోచించనే లేదు. మందుల్లాగే రక్తం కూడా దవాఖానలో ఉంటుందనుకున్నాను. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించి పెళ్లి చేశారు. పెద్ద చదువుల వాళ్లను ఏదైనా అడగాలంటే నాకు భయం. రక్తం ఎక్కించే కేంద్రంలో గీతాంజలి అని ఒక డిగ్రీ చదివే పిల్ల జీతం లేకుండా పనిచేస్తుంది. ఏప్రిల్‌లో ఆమే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. కాలేజీల్లో జాతీయ సేవా పథకం పిల్లలు ఇస్తారట, కంపెనీల్లో ఇస్తారట, నాయకుల పుట్టినరోజులకు శిబిరాలు పెడితే ఇస్తారట. ఎక్కువసార్లు ఇచ్చినవాళ్లకు సర్కారు సభ పెట్టి శాలువా కప్పుతుందట. అంతా బాగానే నడుస్తుంది, ఒక్క ఎండాకాలం తప్ప. కాలేజీలకు సెలవులు, ఎండకు బయటివాళ్లు రారు. ఇలాంటి పిల్లలకు ఎక్కించిన రక్తానికి బదులు ఇమ్మని తల్లిదండ్రులను అడగొద్దని రూలుంది గానీ, ఫ్రిజ్ ఖాళీగా ఉంటే రూలు ఏం చేస్తుంది అంది. మే మొదట్లో సమత వంతుకు ఎలాగో సర్దుతాం, నెలాఖరు వంతుకే కష్టం. ఆలోపు మీ దిక్కున ఒక్క శిబిరమైనా పెట్టించగలవా అని అడిగింది.

తిరిగి వచ్చేటప్పుడు సమత నా ఒళ్లో నిద్రపోయింది. మొయినాబాద్ నుంచి రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలే. చేవెళ్ల దగ్గర మా ఊరు ఆలూరు బాల్‌రాజ్ అన్న ఫ్లెక్సీ, నిరుటిది, ఇంకా చిరిగి వేలాడుతోంది. ఒక పక్క జాతీయ జెండా, ఒక పక్క ఆయన, కింద రక్తదాన శిబిరం. ఆయన మాజీ సర్పంచ్. వాళ్ల కొత్తిమీర చేలోనే నేను కట్టలు కడతాను. ఆయన పుట్టినరోజు ఆగస్టు పదిహేను. దేశానికీ తనకూ ఒక్కటే పండుగ అని ఆయనకు మహా గర్వం. కానీ ఆ రోజు ఎక్కడ చూసినా శిబిరాలే. రక్తం నెల మీద కొన్ని రోజులే ఆగుతుందని, ఆగస్టులో ఎక్కువై కొంత పారబోయాల్సి వస్తుందని గీతాంజలే చెప్పింది.

మా ఆయన నాగేందర్ కూరగాయల ట్రాలీ నడుపుతాడు. నా ఆలోచన చెబితే, పెద్దోళ్ల పుట్టినరోజులు మార్పించడానికి మనమెవరం, ఉన్న పని పోగొట్టుకుంటావా అన్నాడు. రెండు వారాలు నోరు మూసుకున్నాను. మూడో వారంలో ఒక పొద్దున సమత రెప్ప లోపల పాలిపోయి కనిపించింది.

ఆ సాయంత్రం వాళ్ల షెడ్డులో కట్టలు కడుతున్నాం. బాల్‌రాజ్ అన్న కుర్చీలో ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన తల్లి అంతమ్మ మంచం మీద కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తోంది. కళ్లు దించుకునే అడిగాను.

"అన్నా, ఈసారి మీ పుట్టినరోజు మే నెలల చేసుకుంటరా?"

పక్కనున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన ఫోన్ పక్కన పెట్టాడు.

"పుట్టినరోజేమన్న పెండ్లి ముహూర్తమా నీలా, ముందటికి ఎనుకకు జేసుకోనీకి?"

అప్పుడు అంతా చెప్పాను. అప్పటిదాకా ఊళ్లో పిల్ల బలహీనం అని మాత్రమే చెప్పుకున్నాం. జబ్బు పేరు నలుగురిలో పలకడం అదే మొదలు. చేతిలో కొత్తిమీర నలిగిపోయింది. బాల్‌రాజ్ అన్న బాధపడ్డాడు. ఫికర్ చేయకు, ఆగస్టులో ఇంతకు రెండింతలు ఇప్పిస్తానన్నాడు. ఆ రక్తం మళ్లీ మే దాకా ఉండదన్నా అన్నాను.

అంతమ్మ ఎల్లిపాయ పొట్టు ఊదుకుంటూ అంది, "నువ్వు ఆగస్టుల పుట్టినవని నీకు ఎవలు జెప్పిన్రురా?"

ఆయన తల తిప్పాడు.

"నిన్ను బడిల ఏసిననాడు పంతులు తేది అడిగిండు. నాకేమెరుక? ఏదన్న రాసుకో సారూ అన్న. పంద్రాగస్టు అయితే యాదికుంటదని గదే రాసిండు. నువ్వు పుట్టింది రోహిణి కార్తెల. బాయిల అడుగు తేలింది. నీకు పురుటి స్నానానికి నీళ్లు దొరకక మీ నాయిన బండి కట్టుకొని తిరిగిండు."

ఆయన భార్య అరుణమ్మ గడప దగ్గర నుంచే, "అందుకేనా అత్తమ్మా, ఈయనకు ఎప్పుడు జూసినా తల వేడిగనే ఉంటది" అంది. ఈసారి నవ్వడానికి ఎవరూ కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"ఇన్నేండ్ల సంది ఎందుకు జెప్పలేదే అవ్వా?"

"నువ్వు అడిగినవా? కేకు దెచ్చి పెట్టినవు, తిన్న."

ఆయన ఫోన్ తీసి నిరుటి ఫ్లెక్సీ ఫోటో చూసుకున్నాడు. దాని మీద జెండా పోతుందని బాధ కావచ్చు. చివరికి, ఎండలో ఎవరొస్తారని మాత్రం అడిగాడు. పొద్దున్నే మొదలుపెట్టు, అంబలి, మజ్జిగ నేను చూసుకుంటానంది అరుణమ్మ.

రోహిణి కార్తె మొదలైన రోజే చేవెళ్లలో ఒక ఫంక్షన్ హాల్లో కూలర్లు పెట్టి శిబిరం నడిపారు. అన్నకు రెండో జన్మా అని స్నేహితులు ఆటపట్టించారు. ఏటా ఆయన మంచం మీద పడుకుని ఫోటో దిగి లేచిపోయేవాడట. ఈసారి అంతమ్మ కుర్చీ జరుపుకుని మంచం పక్కనే కూర్చుంది.

"సూది గుచ్చేదాక నేను లెవ్వ" అంది.

ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు గానీ రక్తం ఇచ్చాడు. అది చూసి మార్కెట్లో మూటలు మోసేవాళ్లు, చిన్న మంగళారం ఫాంహౌస్‌ల వాచ్‌మెన్లు, మొయినాబాద్ పూలతోటల్లో పనిచేసేవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ప్రతి ఒక్కరికీ దండం పెట్టాలని ఉంది, చేతులు ఖాళీ లేవు. మజ్జిగ పోస్తూ నిలబడ్డాను. ఒకాయన ఇంకో గ్లాసు పొయ్యమని చెయ్యి చాపితే నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి.

నేనూ ఇస్తానని పోతే, పరీక్ష చేసి నీ రక్తం నీకే చాలదన్నారు. మూలన కూర్చుని ఏడుస్తుంటే గీతాంజలి వచ్చింది. ఇచ్చినవాళ్లలో సగం మంది మళ్లీ పిలిచేవాళ్లు లేకనే రారక్కా, ఆ పిలుపు నువ్వు చేయవా అంది. అప్పటి నుంచి మా చుట్టుపక్కల ఊళ్లకు నేనే ఫోన్ చేస్తున్నాను. మొదట్లో అవతల హలో అనగానే భయంతో పెట్టేసేదాన్ని.

ఆ వారమే సమతకు రక్తం ఎక్కింది. సంచిలోంచి చుక్క చుక్కగా దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఎవరిదో చెప్పరు. నేను మజ్జిగ పోసిన అందరి ముఖాలనూ ఒక్కొక్కటిగా తలుచుకున్నాను.

మొన్న పంద్రాగస్టుకు బడిలో జెండా ఎగరేశాక బాల్‌రాజ్ అన్న నా దగ్గరికి వచ్చాడు.

"నీలా, ఇయ్యాల నా పాత పుట్టినరోజు. ఖాళీగ ఉంటే మనసున వడ్తలేదు. జర రక్తమన్న ఇయ్యొచ్చా?"

"మూడు నెలలు నిండలేదన్నా. నిండినంక నేనే ఫోన్ చేస్త."

"మరి మర్వకు" అన్నాడు, చిన్నపిల్లవాడిలా.

సమత కాగితం జెండా పట్టుకుని మా మధ్య నుంచి ఉరికింది. ఆ పొద్దున దాని కనురెప్ప చూడడం మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చింది.