ఈవన్ పరిచిన కప్పు

నెరిస్ కప్పు మీద నడుస్తోంది, కాళ్ల కింద నల్లరాతి పలకలు తడిగా ఉన్నాయి, అయినా జారడం లేదు, ఇది పెన్సిల్వేనియాలో వేల్సు వాళ్లు కట్టుకున్న చర్చి కప్పేనని ఆమెకు తెలుసు, కానీ అటు దిగితే తన వంటిల్లు వస్తుంది, ఇటు దిగితే ఎప్పుడో మూతపడిన రాతి గని వస్తుంది, అదేమంత వింతగా అనిపించదు. కప్పు అంచున కాళ్లు వేలాడేసుకుని ఎమ్లిన్ తాత రొట్టె తింటున్నాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆమెకు కప్పుల పని నేర్పింది ఆయనే. బతికున్నన్నాళ్లూ కోపం ముక్కు మీదే ఉండేది. పోయాక తీరిక దొరికినట్టుంది, నింపాదిగా నములుతున్నాడు.

"ఇవాళ దీన్ని ఊడబీకిస్తున్నావట" అంటాడు తల తిప్పకుండా.

నెరిస్ తడుముకోదు. ముప్పై ఏళ్లుగా కప్పులెక్కిన మనిషి, కప్పుల సంగతిలో ఆ చుట్టుపక్కల ఆమె మాటకు ఎదురులేదు. దీనికి నూట నలభై ఏళ్లు నిండాయని, పలకలన్నీ పాచిపట్టాయని, పీకేసి రేకులు వేయమని చర్చి సంఘానికి తానే రాసిచ్చిందని, తొమ్మిదింటికి లారీ వస్తుందని గడగడా చెబుతుంది. ఈ కప్పు పరిచింది ఎమ్లిన్‌కు తాత, వేల్సు నుంచి ఓడెక్కి వచ్చిన ఈవన్. ఆయన జాడ కోసం ఆమె ఓడల జాబితాలూ చర్చి రిజిస్టర్లూ ఏళ్ల తరబడి తిరగేసింది. ప్రతిదాంట్లో డజనుమంది ఈవన్ జోన్సులు, తమవాడెవరో మాత్రం తేలలేదు.

"కొట్టి చూశావా?" అంటాడు తాత.

అది పలకల పనివాళ్ల పాత పద్ధతి. వేలి కణుపుతో కొడితే మంచి పలక గంటలా మోగుతుంది, చెడినది పగిలిన కుండలా పలుకుతుంది, పైన ఎంత పాచి ఉన్నా ఆ చప్పుడుతోనే తేలిపోతుంది. నెరిస్ కొట్టలేదు. ఆమె రోడ్డు మీద నిలబడి, బైనాక్యులర్లతో చూసి తేల్చేసింది. ఈ ఒక్క కప్పే ఆమె తొమ్మిదేళ్లుగా ఎక్కలేదు. తాతతో ఆఖరిసారి పనిచేసింది దీని మీదే. ఉత్తరం మూల మేకుల దగ్గర మాటా మాటా పెరిగి, ఆమె సుత్తి విసిరేసి దిగిపోయింది, ఆ వారంలోనే ఆయన నిద్రలో పోయాడు. ఈ కప్పు కళ్లెదుట లేకుండా పోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకుందో! ఇప్పుడు సిగ్గేస్తుంది.

"ఆ రోజు నేను దిగకుండా ఉండాల్సింది, తాతా."

"దిగావు. దిగినదానివి మళ్లీ ఎక్కు" అంటాడు ఆయన, రొట్టె తుంచి చేతిలో పెడుతూ. "కాగితాల్లో వెతుకుతావేం ఆయన్ని? ఒక్కో పలకా కొట్టి చూసి, మోగినదాన్నే ఇక్కడ పరిచాడు. కొట్టు."

కప్పు అలా అలా సాగి వంటింటి బల్లంత నున్నగా అవుతుంది, ఆమె వంగి కొడుతుంది, మోగుతుంది, పక్కదాన్ని కొడుతుంది, అదీ మోగుతుంది, దూరంగా కప్పు చివర ఎవరో ముసలాయన అటు తిరిగి కూర్చుని ఆయనా కొడుతున్నాడు, ఈమె ఆగితే ఆగుతున్నాడు, మొహం కనబడకపోయినా అది ఈవనేనని ఆమెకు తెలిసిపోతుంది, ఉత్తరం మూలకు ఇంకా నాలుగు వరుసలే ఉన్నాయి.

"నెరిస్, ఇక ఆపు" అంటున్నాడు భర్త వేన్, భుజం పట్టుకుని కుదుపుతూ.

తెల్లగా తెల్లవారింది. ఆమె చెయ్యి మంచం పక్క కిటికీ గట్టున పరిచిన పలక మీద ఉంది, వేలి కణుపు కందిపోయింది. చర్చి కప్పుకు పరచగా మిగిలిన పలక అదని తాత చెబుతుండేవాడు.

"పావుగంట నుంచి కొడుతున్నావు. చర్చి గంట మోగినట్టుంటే నిద్రెలా పడుతుంది?"

నెరిస్ గడియారం చూస్తుంది. ఆరున్నర.

"పొడుగు నిచ్చెన ఎక్కడ పెట్టావు?" అంటుంది, బూట్లు వెతుక్కుంటూ.