ఎరుపు జరిగిన బొమ్మ

బొమ్మ చెల్లెలిది, చాకిరీ అక్కది. కామిక్ పుస్తకంలోంచి దూకినట్టుండే ముసుగు వీరనారి, గాల్లో ఎగురుతూ ఎగురుతూ “హాచ్!” అని తుమ్ముతున్న బొమ్మ. చెల్లెలు గీసేసి చేతులు దులుపుకుంది. అచ్చు తియ్యడం అక్క వంతు. ముందు పసుపు, అది ఆరాక నీలం చుక్కలు, ఆపైన ఎరుపు, చివర నల్లగీత. ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీను, అంటే చట్రానికి బిగించిన జాలీ గుడ్డ. నలభై కాగితాలయ్యేసరికి అక్క భుజాలు పడిపోయాయి.

కింద పెన్సిలు సంతకం మాత్రం చెల్లెలిది. కిందటిసారి పేపర్లో పడ్డ ఫొటో కూడా చెల్లెలిదే. వెనక మసగ్గా కనిపించే మోచెయ్యి అక్కది. ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచి అక్కకి కడుపు మండిపోతోంది. ఒక్క కాగితం మీదైనా తన పేరుండాలని ఆవిడ కోరిక. నోరు విడిచి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. చెల్లెలికే తోచాలిగా! తోచలేదు.

అందుకని ఆఖరి కాగితానికి ఎరుపు వేసేటప్పుడు కావాలనే వేలెడు పక్కకి జరిపింది. ముక్కు ఎరుపు చెంప మీదికి, పెదాల ఎరుపు గాల్లోకి పోయాయి. చెల్లెలు కాగితాల అడుగు అంచులే మెట్లలా పరుచుకుని, బొమ్మ చూడకుండా సంతకాలు గిలికేస్తుంది. అక్క ధీమా అదే. ప్రదర్శన రోజు పొద్దున్నే ఆ కాగితాన్ని గుమ్మానికి ఎదురుగా బిగించింది కూడా తనే. నలుగురిలో నవ్వులపాలైతే తెలిసొస్తుందిలే అనుకుంది.

జనం దాని దగ్గరే గుమిగూడారు.

“తుమ్మంటే ఇదండీ!” అన్నాడొక ముసలాయన, చెల్లెలి వైపు తిరిగి. “మొహమంతా అదిరిపోయింది చూడండి. ఎంత చక్కటి ఆలోచనమ్మా నీది!”

ఏడుపొక్కటే తక్కువైంది అక్కకి.

చెల్లెలు బొమ్మను కాసేపు పరీక్షగా చూసింది. “ఆలోచన నాది కాదండీ, మా అక్కది. పొరపాటు అనుకుందామా, తన చేతిలో వెంట్రుకవాసి తేడా రాదు.” సంచీలోంచి రబ్బరు తీసి తన సంతకం చెరిపేసింది. పెన్సిలు అక్క చేతిలో పెట్టింది. “నీ పేరు రాయక్కా. ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు, ఛీ!”

అందరూ చప్పట్లు కొట్టారు. ఒళ్లు హూనం చేసుకుని తీసిన ముప్ఫై తొమ్మిదింటికి రాని పేరు, కుళ్లుతో పాడుచేసిన ఈ ఒక్కదానికి వచ్చింది. వద్దనాలంటే ఎందుకో చెప్పాలి.

అక్క వంగి మొదటి అక్షరం మొదలుపెట్టింది. పెన్సిలు మొన విరిగింది.

“ఉండక్కా, ఇంకోటి తెస్తాను!” అంటూ చెల్లెలు పరిగెత్తింది.